నెలకి 63 యూరోల డాయ్చ్‌లాండ్ టికెట్: ఒక ఆర్టీసీ కండక్టర్ కొడుకు రివ్యూ

మొన్న డిసెంబర్ లో మెయిల్ వచ్చింది, 2026 జనవరి 1 నుంచి మీ డాయ్చ్‌లాండ్ టికెట్టు (జర్మనీ అంతా లోకల్ బస్సులు, రైళ్ళకి చెల్లే నెల పాస్) 58 కాదు 63 యూరోలు అని. దానికి ముందు 2025 జనవరిలో 49 ది 58 చేశారు. మొదలైనప్పుడు, అంటే 2023 మే 1న, 49. మూడేళ్ళు కాకముందే పద్నాలుగు యూరోలు పెరిగింది. మెయిల్ చదివి కాసేపు తిట్టుకున్నా, మా ఆవిడ "అయితే తీసేద్దాం" అంది, నేనూ "తీసేద్దాం" అన్నా, ఆ ఆదివారం ఇద్దరం కలిసి అదే టికెట్టు మీద బాంబెర్గ్ పోయొచ్చాం. అదీ సంగతి. తిడుతూ వాడే వస్తువు ఇది. చుట్టాలు, ఫ్రెండ్స్, కొత్తగా జర్మనీ వస్తున్న పిల్లలు నెలకి ఇద్దరైనా ఇదే అడుగుతున్నారు, తీసుకోవాలా వద్దా అని, ప్రతిసారీ ఫోన్లో అరగంట చెప్పలేక ఇక్కడ రాసి పడేస్తున్నా.

నేను ఉండేది న్యూరెంబర్గ్ లో. ఖమ్మం మాది. నాన్న ఆర్టీసీలో కండక్టర్ గా చేసి రిటైరయ్యారు, కాబట్టి టికెట్టు లేకుండా బండి ఎక్కడం అనేది మా ఇంట్లో దొంగతనం కంటే పెద్ద తప్పు. అలాంటి ఇంట్లో పుట్టినోణ్ణి, జర్మనీ వచ్చిన మొదటి నెలలోనే టికెట్టు లేదని ఫైన్ కట్టా. అది ముందు చెప్తా, ఎందుకంటే ఈ టికెట్టు విలువ అర్థం కావాలంటే ఇది రాకముందు బతుకు ఎట్లా ఉండేదో తెలియాలి.

2023 ఫిబ్రవరి. మ్యూనిక్ లో ఫ్రెండ్ దగ్గరికి పోయా. వాడు చెప్పాడు, గీతల టికెట్టు అని ఒకటి ఉంటది, పొడుగ్గా పట్టీలాగా, దూరాన్ని బట్టి ఇన్ని గీతలు మడతపెట్టి వాడుకోవాలి, అది కొనుక్కో అని. కొన్నా. డబ్బులు కట్టా కదా అని జేబులో పెట్టుకుని ఎక్కా. రెండు స్టేషన్లు పోయాక జీన్స్ ప్యాంటు, జాకెట్ వేసుకున్న ఇద్దరు మామూలు మనుషులు లేచి జేబుల్లోంచి కార్డులు తీసి "ఫార్‌కార్టెన్ బిట్టె" (టికెట్లు చూపించండి) అన్నారు. నేను గర్వంగా తీసి ఇచ్చా. ఆయన అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, వెలుగుకి ఎత్తి చూశాడు. స్టాంపు లేదు. ప్లాట్‌ఫాం దగ్గర చిన్న డబ్బా ఉంటది, అందులో టికెట్టు మూతి పెడితే టక్కుమని తేదీ, టైము కొడతది, అది కొట్టకపోతే టికెట్టు కొన్నట్టు కాదంట. 60 యూరోలు. అప్పటి రేటుకి ఐదు వేల చిల్లర. ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేస్తే చెప్పలేదు, ఇప్పటికీ ఆయనకి తెలియదు, ఇది చదవరనే ధైర్యంతో రాస్తున్నా.

తప్పు నాదే, ఎవర్నీ అనడానికి లేదు. కానీ చూడండి, ఇక్కడ ప్రతి ఊరికీ ఒక టికెట్టు శాస్త్రం ఉంటది. ఒక ఊళ్ళో జోన్లు అంకెల్లో, ఇంకో ఊళ్ళో అక్షరాల్లో, ఒక చోట మిషన్ లోంచి వచ్చిన టికెట్టు మీద టైము ముందే కొట్టి ఉంటది, ఇంకో చోట మనమే కొట్టాలి, నాలుగు స్టేషన్ల లోపు అయితే చిన్న టికెట్టు, ఐదోది దాటితే పెద్దది, పొద్దున తొమ్మిది తర్వాత అయితే ఇంకో రేటు. మిషన్ ముందు నిలబడితే వెనకాల క్యూలో ముసలావిడ నిట్టూరుస్తూ ఉంటది, మనకి చెమటలు. భాష రాదు, డబ్బులు లెక్క, పరువు భయం. మూడూ కలిసి ఆ మూడు నెలలు నేను ఆఫీసు, ఇల్లు, ఇండియన్ స్టోరు తప్ప ఎక్కడికీ కదల్లేదు. ఇంకో దేశం వచ్చి, అద్దె కట్టి, నాలుగు గోడల మధ్య కూర్చున్నా.

మే లో ఈ టికెట్టు వచ్చింది. దాని ముందు ఏడాది, 2022 జూన్ నుంచి ఆగస్టు దాకా, నెలకి 9 యూరోల టికెట్టు పెట్టారంట. ఉక్రెయిన్ యుద్ధం వల్ల పెట్రోలు, కరెంటు, గ్యాసు అన్నీ మండిపోతుంటే జనానికి ఊరటగా మూడు నెలలు. 5 కోట్ల పైన టికెట్లు అమ్ముడుపోయాయి. నేను దానికి అందలేదు, అందుకున్నవాళ్ళు ఇప్పటికీ ఆ మూడు నెలల గురించి పెళ్ళి భోజనం తలుచుకున్నట్టు చెప్తారు. ఆ రుచి మరిగిన జనం ఊరుకోరు కదా, అందుకే ఈ డాయ్చ్‌లాండ్ టికెట్.

ఏంటిది అంటే సింపుల్. దేశం మొత్తం మీద సిటీ బస్సు, ట్రాము, యూ బాన్ (మెట్రో), ఎస్ బాన్ (సిటీ చుట్టుపక్కల తిరిగే లోకల్ రైలు), ఇంకా ఆర్‌బీ, ఆర్‌ఈ అని రాసి ఉండే రీజనల్ రైళ్ళు అన్నీ, నెలకి ఒకటే టికెట్టు. ఐసీఈ, ఐసీ లాంటి దూరం రైళ్ళు ఎక్కకూడదు. ఫ్లిక్స్‌ట్రెయిన్ అనే ప్రైవేటు దూరం రైలు కూడా కుదరదు. మనవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఓకే, సూపర్ లగ్జరీ, గరుడ నాట్ ఓకే. తెలంగాణలో ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు పెట్టారు కదా 2023 డిసెంబర్ లో, అచ్చం అదే లెక్క, బండి రకాన్ని బట్టి చెల్లుద్ది. ఈ పోలిక నాది కాదు, మా అమ్మది.

అమ్మా నాన్నా 2024 వేసవిలో వచ్చారు, విజిటర్ వీసా మీద. ఇద్దరికీ తలా ఒక టికెట్టు తీశా, అప్పుడు 49. అమ్మ వెంటనే, "మా ఊళ్ళో ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్టు కొట్టిస్తన్నారు కదరా, ఇంత పెద్ద దేశానికి అదీ లేదా" అంది. లేదమ్మా అన్నా. "పోనీ ఆధార్ అన్నా అడుగుతారా?" పాస్‌పోర్టు అడుగుతారు. నిజం, టికెట్టు మీద పేరు ఉంటది, పక్కన ఫోటో ఉన్న గుర్తింపు కార్డు కూడా చూపించాలి, ఒకరి టికెట్టు మీద ఇంకొకరు పోవడం కుదరదు. మొగుడూ పెళ్ళాం ఒకటి తీసుకుని మార్చి మార్చి వాడుకుందాం అనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోండి. పిల్లలు ఆరేళ్ళ లోపు ఫ్రీ, ఆ పైన వాళ్ళకీ ఒక టికెట్టు కావాలి.

నాన్నని మాత్రం స్టేషన్ లో గేటు లేకపోవడం చంపేసింది. హైదరాబాద్ మెట్రోలో కార్డు గీకితే గానీ తలుపు తెరుచుకోదు, ఇక్కడ రోడ్డు మీద నుంచి మెట్లు దిగి నేరుగా రైల్లోకి నడిచిపోవడమే, అడ్డం అనేదే లేదు. మొదటి రోజు ఆయన మెట్ల దగ్గర ఆగిపోయి వెనక్కీ ముందుకీ చూశారు. "టికెట్టు ఎవరికి చూపియ్యాలిరా?" ఎవరికీ అక్కర్లేదు నాన్నా, వాళ్ళు అడిగినప్పుడు చూపిస్తే చాలు. "అడక్కపోతే?" అడక్కపోతే లేదు. ఆయన మొహం చూడాలి, ముప్పై ఏళ్ళు తోపులాటలో, ఫుట్‌బోర్డు మీద నిలబడి టిక్కెట్ టిక్కెట్ అని అరిచిన మనిషి. దాని మీద మా న్యూరెంబర్గ్ లో యూ2, యూ3 లైన్లకి డ్రైవరే ఉండడు. యూ3 2008లో అట్లానే మొదలైంది, జర్మనీలో డ్రైవర్ లేకుండా నడిచిన మొదటి మెట్రో లైను అది. ముందు సీట్లో కూర్చుంటే ఎదురుగా అద్దం, సొరంగం లైట్లు మన మీదకి వస్తా ఉంటాయి. అమ్మ ఎగ్జిబిషన్ లో కూర్చున్నట్టు కూర్చుంది. నాన్న మాత్రం రెండు స్టేషన్ల దాకా మాట్లాడలేదు, తర్వాత మెల్లగా, "డ్రైవర్ లేడు, కండక్టర్ లేడు, మరి యూనియన్ ఎట్లరా వీళ్ళకి" అన్నారు.

ఆయన కోరిక మూడో వారంలో తీరింది. ట్రాములో చెకింగ్ వచ్చింది. నాన్న ఠక్కున లేచి నిలబడి, కార్డు, దాని మీద పాస్‌పోర్టు, రెండూ చేతిలో పెట్టుకుని, వాళ్ళు మా సీటు దాకా రావడానికి ముందే చాపారు. ఆ అమ్మాయి చిన్న మిషన్ తో కార్డు తాకించి, పచ్చ లైటు వచ్చాక థాంక్యూ చెప్పి వెళ్ళిపోయింది. అంతే. నాన్న ఆ మిషన్ వైపే చూస్తా "మా టిమ్ మిషన్ కన్నా చిన్నగుంది" అన్నారు, టిమ్ అంటే ఆర్టీసీ కండక్టర్లు టికెట్టు కొట్టే మిషన్. ఆ ప్లాస్టిక్ కార్డు, ఎప్పుడో చెల్లకుండా పోయింది, ఇప్పటికీ ఆయన పర్సులో ఆర్టీసీ పాస్ వెనకాల ఉంది. అమ్మ చెప్పింది, టీ కొట్టు దగ్గర తీసి చూపిస్తున్నారంట.

అన్నట్టు రైలు పిచ్చి ఉన్నవాళ్ళకి న్యూరెంబర్గ్ గుడి లాంటిది. జర్మనీలో మొదటి ప్యాసింజర్ రైలు 1835 డిసెంబర్ 7న ఇక్కడి నుంచి పక్క ఊరు ఫూర్త్ దాకా నడిచింది, ఆరు కిలోమీటర్లు, ఆడ్లర్ అనే ఇంజను. ఇప్పుడు యూ1 మెట్రో దాదాపు అదే దారిలో పోతది. నాన్నని మ్యూజియం కి తీసుకుపోయి ఆ ఇంజను నమూనా చూపించి, తర్వాత ఇదే టికెట్టు మీద ఫూర్త్ దాకా తీసుకుపోయా.

సరే, ఇప్పుడు అసలు రివ్యూ.

దీంట్లో నాకు బాగా నచ్చింది డబ్బు ఆదా కాదు. మిషన్ ముందు నిలబడే పని పోయింది. అంతే. జోన్ ఎంత, గీతలు ఎన్ని, స్టాంపు ఎక్కడ, ఏమీ లేదు. బస్సు వస్తే ఎక్కుతా. తప్పు బస్సు అయితే దిగి ఎదురుగా వచ్చే బస్సు ఎక్కుతా. పరాయి ఊళ్ళో దారి తప్పితే పైసా ఖర్చు లేకపోవడం అంటే ఏంటో కొత్తగా వచ్చినవాళ్ళకే తెలుస్తది. నాకు ఈ ఊరి పేటలు, చేపల చెరువులు, టర్కీ వాళ్ళ కూరగాయల కొట్టు (కొత్తిమీర కట్ట కట్టలాగా ఇచ్చేది అక్కడే, సూపర్ మార్కెట్ లో నాలుగు రెమ్మలు ప్లాస్టిక్ లో పెట్టి అమ్ముతారు) అన్నీ తప్పు బస్సులు ఎక్కడం వల్లే తెలిశాయి.

రెండోది ఆదివారం. ఇక్కడ ఆదివారం షాపులు ఉండవు. పెద్ద స్టేషన్ లోపల ఉండేవి, కొన్ని బేకరీలు తప్ప ఊరంతా కర్ఫ్యూ. ఇంట్లో డ్రిల్లింగ్ చేయకూడదు, వాక్యూమ్ గట్టిగా పెడితే కింద ఇంటాయన చీటీ రాసి తలుపుకి అతికిస్తాడు. ఇండియాలో ఆదివారం అంటే చికెన్, చుట్టాలు, గోల. ఇక్కడ మొదటి ఆదివారాలు గోడ గడియారం చప్పుడు వినపడేది. ఈ టికెట్టు వచ్చాక ఆదివారం అంటే పులిహోర డబ్బా, నీళ్ళ సీసా, రైలు. రేగెన్స్‌బుర్గ్ గంట, వ్యూర్జ్‌బుర్గ్ గంట పైన, బాంబెర్గ్ ముక్కాలు గంట. మ్యూనిక్ కి ఆర్‌ఈ లోనే గంటా నలభై ఐదు నిమిషాల్లాగా, హైస్పీడ్ లైను మీద 200 స్పీడుతో పోతది, అది పల్లెవెలుగు అంటే ఎవరూ నమ్మరు. అక్కడి నుంచి ఇంకో రైలు ఎక్కితే ఆస్ట్రియాలో సాల్జ్‌బుర్గ్ దాకా చెల్లుద్ది. అవును, దేశం దాటి, స్టేషన్ వరకు మాత్రమే, అక్కడ సిటీ బస్సు ఎక్కితే వేరే టికెట్టు కొనాలి. అమ్మా నాన్నలతో పోయినప్పుడు తిరిగొచ్చేటప్పుడు ఫ్రైలాసింగ్ దగ్గర పోలీసులు ఎక్కి పాస్‌పోర్టులు అడిగారు, నాన్న కలెక్టర్ వచ్చినట్టు మళ్ళీ లేచి నిలబడ్డారు. రెసిడెన్స్ కార్డు, పాస్‌పోర్టు ఇంట్లో పెట్టి సరిహద్దు దాటే తెలివి మాత్రం వద్దు.

మూడోది, ఇది నేను ఆలస్యంగా తెలుసుకున్నా. దూరం ఊళ్ళకి ఈ టికెట్టు మీద పోవాలని పట్టుదల పెట్టుకోకండి. ఐసీఈ ముందుగా చవకలో బుక్ చేసుకుని పోవడం, దిగాక ఆ ఊళ్ళో ఈ టికెట్టు వాడటం, ఇదీ పద్ధతి. ఏ ఊళ్ళో దిగినా మీరు అప్పటికే పాస్ ఉన్న లోకల్ మనిషి. బెర్లిన్ లో దిగి 100 నంబర్ బస్సు పైఅంతస్తు ఎక్కితే పార్లమెంటు, విజయ స్తంభం అన్నీ టూరిస్టు బస్సు లేకుండానే చూపిస్తది. హాంబుర్గ్ లో అయితే పడవ కూడా ఇందులోనే. లాండుంగ్స్‌బ్రూకెన్ దగ్గర 62 నంబర్ ఫెర్రీ ఎక్కి ఫిన్‌కెన్‌వెర్డర్ దాకా పోయి వెనక్కి రండి. పక్కనే మన అపార్ట్‌మెంటు కంటే ఎత్తు కంటైనర్ ఓడ, మన పడవ దాని ముందు పాపికొండల లాంచీ అంత కూడా ఉండదు, గాలికి కళ్ళలో నీళ్ళు, చేతిలో చేప బన్ను ఉంటే సీగల్ పక్షుల నుంచి కాపాడుకోవాలి. పక్కన టూరు పడవలవాళ్ళు డబ్బులు తీసుకుని చూపించేది కూడా చాలావరకు ఇదే నీళ్ళు.

వుప్పర్‌టాల్ గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్తా. డ్యూసెల్‌డార్ఫ్ లో మా ఆవిడ ఫ్రెండ్ ఇంటికి పోయినప్పుడు, పక్కనే కదా అని పోయాం. అక్కడ రైలు పట్టాల మీద కాదు, పట్టా కింద వేలాడతది. 1901 నుంచి. పదమూడు కిలోమీటర్లు, అందులో చాలా దూరం వుప్పర్ నది మీదే. ఇటూ అటూ ఇనప కాళ్ళు నది గట్ల మీద పాతి, పైన ఒకటే పట్టా, దానికి పెట్టె తగిలించినట్టు. స్టేషన్ లో ఆగినప్పుడు జనం ఎక్కుతుంటే ఉయ్యాల లాగా ఊగుద్ది. మలుపుల్లో ఒక పక్కకి ఒరుగుద్ది, కింద చూస్తే నీళ్ళు. ఒక చివర, ఫోవింకెల్ వైపు, నది వదిలేసి వీధి మీదుగా పోతది, రెండు వైపులా ఇళ్ళు, ఒకావిడ మొదటి అంతస్తు కిటికీలో పూలకుండీలకి నీళ్ళు పోస్తా మావైపు చూసి కూడా చూడలేదు, ఆవిడకి రోజూ ఉండేదే. 1950లో సర్కస్ వాళ్ళు పబ్లిసిటీ కోసం టుఫ్ఫీ అనే పిల్ల ఏనుగుని ఇందులో ఎక్కించారంట, అది భయపడి గోడ బద్దలు కొట్టుకుని నదిలో దూకింది, చిన్న గాయాలతో బతికింది. మా ఆవిడ "అసలు ఏనుగుని ఎక్కించమని ఎవడు చెప్పాడు" అని ఇంటికి వచ్చేదాకా అదే. ఈ ఒక్క ప్రయాణానికి వేరే టికెట్టు కొనాల్సి ఉంటే మేం పోయేవాళ్ళం కాదు, అంత దూరం ఆలోచించి పోయే చోటు కాదది. జేబులో టికెట్టు ఉంది కాబట్టి పోయాం.

ఇప్పుడు తిట్లు.

ఒకటి, ఇది సబ్‌స్క్రిప్షన్. నెల నెలా దానంతట అదే డబ్బులు లాగుద్ది. ఆపాలంటే ఆ నెల 10వ తారీఖు లోపు క్యాన్సిల్ చేయాలి, లేదంటే వచ్చే నెల కూడా కట్టాలి. అమ్మా నాన్నా ఆగస్టు చివర్లో వెళ్ళిపోయారు. ఆగస్టు 10 లోపు క్యాన్సిల్ చేయాల్సింది, నేను 14న గుర్తుకొచ్చి చేశా. సెప్టెంబర్ అంతా మా అమ్మ ఖమ్మంలో పచ్చళ్ళు పెట్టుకుంటూ ఉంది, ఆమె పేరు మీద జర్మనీ మొత్తం తిరిగే టికెట్టు ఇక్కడ నడుస్తా ఉంది. 98 యూరోలు బూడిదలో పోసిన పన్నీరు. అమ్మకి చెప్తే "మరి నన్ను ఇంకో నెల ఉంచుకోవచ్చుగా" అంది.

రెండు, కొత్తగా వచ్చినవాళ్ళకి ఇది దొరకడమే ఒక యుద్ధం. చాలాచోట్ల డబ్బులు బ్యాంకు ఖాతా నుంచి నేరుగా లాగుతారు, ఖాతా కావాలంటే చాలా బ్యాంకులు అడ్రసు రిజిస్ట్రేషన్ అడుగుతాయి, రిజిస్ట్రేషన్ కావాలంటే ఇంటి ఓనరు సంతకం పెట్టిన కాగితం కావాలి, కాగితం కావాలంటే ఇల్లు దొరకాలి. కొంతమంది షూఫా అని మన అప్పుల చరిత్ర కూడా చూస్తారు, నిన్న దిగినోడికి ఏం చరిత్ర ఉంటది. నాకు ఒక యాప్ లో (పేరెందుకులెండి) ఖాతా నంబరు కొడితే తీసుకోలేదు, కారణం చెప్పలేదు, కస్టమర్ కేర్ కి రాస్తే మూడు వారాల తర్వాత "మీ సమస్య తీరిందని భావిస్తున్నాం" అని జవాబు. అయితే ఒక కిటుకు ఉంది: ఈ టికెట్టుని దేశంలో బోలెడు రవాణా సంస్థలు అమ్ముతాయి, ధర ఒకటే, చెల్లుబాటు ఒకటే. మీ ఊరి వాళ్ళ దగ్గరే కొనాలని లేదు. ఒకళ్ళు క్రెడిట్ కార్డు తీసుకుంటారు, ఒకళ్ళు పేపాల్, ఒకళ్ళు ఫోన్లో ఇస్తారు, ఒకళ్ళు ప్లాస్టిక్ కార్డు పోస్టులో పంపుతారు. నాలుగైదు చూసి తీసుకోండి. పెద్దవాళ్ళకి ప్లాస్టిక్ కార్డే మంచిది, ఫోన్ ఛార్జింగ్ అయిపోతే టికెట్టు లేనట్టే లెక్క. ఇంట్లో మర్చిపోయినా కంగారు పడొద్దు, మీ పేరు మీద టికెట్టు ఉందని తర్వాత పోయి చూపిస్తే మామూలుగా 60 బదులు 7 యూరోల లోపే తీసుకుంటారు, గడువు లోపల పోవాలి అంతే.

మూడు, రైళ్ళు. ఇది టికెట్టు తప్పు కాదు కానీ టికెట్టుతో పాటు వచ్చే జబ్బు. ఒక ఆదివారం బెర్లిన్ నుంచి మొత్తం రీజనల్ లోనే వద్దామని మొండికేశా, ఐసీఈ లో మూడు గంటల చిల్లర దారి. పొద్దున ఎక్కితే సాయంత్రానికి చేరాల్సింది. మొదటి రైలు పన్నెండు నిమిషాలు లేటు, మారడానికి ఉన్నది తొమ్మిది నిమిషాలు. తర్వాతి బండి రద్దు. దాని తర్వాతది రైలు బదులు బస్సు, దానికి జర్మన్ లో షీనెన్ఎర్జాట్స్‌ఫెర్కేర్ అని పేరు, ఆ పేరు పలికేలోపు బస్సు వెళ్ళిపోద్ది. పేరు కూడా గుర్తులేని చిన్న స్టేషన్ లో రెండు గంటలు, ఆదివారం కాబట్టి కొట్టు మూసి ఉంది, చిప్స్ మిషన్ నా రెండు యూరోల బిళ్ళ మింగేసి ఊరుకుంది. రాత్రి పదకొండున్నరకి ఇల్లు. నష్టపరిహారం ఉంది, లేదని అనను. గంటకి మించి లేటైతే ఈ టికెట్టు మీద యూరో యాభై సెంట్లు. అయితే 4 యూరోలు దాటితే గానీ ఇవ్వరు, అంటే మీరు మూడుసార్లు గంటేసి లేటవ్వాలి, అప్పుడు నాలుగున్నర యూరోలు వస్తాయి. ఒక కాఫీ, ఓ బన్ను. ఇంకో సంగతి, మామూలు టికెట్టు ఉన్నవాళ్ళు లేటైనప్పుడు ఐసీఈ ఎక్కే వెసులుబాటు ఈ టికెట్టుకి లేదు.

నాలుగు, విడిపోయే రైళ్ళు. దీని గురించి ఎవరూ ముందు చెప్పరు. మ్యూనిక్ నుంచి టేగెర్న్‌జే చెరువుకి పోతున్నాం. ఒకే రైలు బయల్దేరుద్ది, దారిలో ముక్కలవుద్ది, ఒక పెట్టె ఒక ఊరికి, ఇంకో పెట్టె ఇంకో ఊరికి. అనౌన్స్‌మెంట్ చేశారు, చేయలేదని కాదు, మేం ఇద్దరం పొద్దున నాలుగున్నరకి లేచినందువల్ల నిద్ర. షాఫ్ట్‌లాఖ్ లో ముందు సగం అటు పోయింది, మేమున్న సగం ఇటు. కళ్ళు తెరిచేసరికి లెంగ్రీస్. చెరువు లేదు, కొండలున్నాయి, ఆవుల మెడలో గంటలు మోగుతున్నాయి, అక్కడే కూర్చుని పెరుగన్నం తిన్నాం. బాగానే ఉంది నిజానికి. కానీ చెరువు కోసం పోతున్నవాళ్ళు పెట్టె తలుపు పక్కన బోర్డు మీద ఊరి పేరు చూసి ఎక్కండి.

ఇంకొన్ని పొట్టిగా. సైకిలు ఎక్కించాలంటే చాలాచోట్ల దానికి వేరే టికెట్టు. రూటు వెతికేటప్పుడు డీబీ (జర్మన్ రైల్వే) యాప్ లో లోకల్ రైళ్ళు మాత్రమే అనే బటన్ నొక్కండి, లేకపోతే ఐసీఈ చూపిస్తది, తెలియక ఎక్కితే మళ్ళీ జీన్స్ ప్యాంటు మనుషులు. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులో రెండు రైల్వే స్టేషన్లు ఉంటాయి, మనది టెర్మినల్ 1 కింద ఉండే రీజనల్ స్టేషన్, ఎస్8, ఎస్9 అక్కడే, రెండు సూట్‌కేసులు, కారప్పొడి డబ్బాలు లాక్కుంటూ ఐసీఈ స్టేషన్ దాకా పోయి వెనక్కి వచ్చినవాళ్ళు నాకు తెలుసు.

ధర సంగతి. 63 ని పన్నెండు పెట్టి కొడితే ఏడాదికి 756. ఆఫీసు వాళ్ళు జాబ్ టికెట్టు (ఇదే టికెట్టు, ఆఫీసు ద్వారా తక్కువ రేటుకి) ఇస్తే వదలకండి, కంపెనీ కనీసం 25 శాతం పెట్టుకుంటే పైన ఇంకో 5 శాతం తగ్గుద్ది, అంటే చేతి నుంచి 44 యూరోల పది సెంట్లు మించదు. మా కంపెనీలో ఈ సంగతి అడిగినవాళ్ళకే చెప్పారు, నేను అడిగింది ఏడాదిన్నర తర్వాత. స్టూడెంట్లు ముందు యూనివర్సిటీలో కనుక్కోండి, చాలా యూనివర్సిటీల్లో సెమిస్టర్ ఫీజులోనే ఇది 60 శాతం రేటుకి కలిసి ఉంటది, తెలియక బయట మళ్ళీ కొన్న పిల్లోడు మా పక్క ఫ్లాట్ లోనే ఉన్నాడు.

ఎవరికి వద్దు? సైకిలు మీద ఆఫీసుకి పోయి, ఆదివారం ఇంట్లో సినిమా చూసుకుని, ఊరు దాటితే ఐసీఈ నే ఎక్కేవాళ్ళకి ఇది దండగ. మా టీమ్ లో ఒక బెంగాలీ అబ్బాయి లెక్కేసుకుని 63 అవ్వగానే మానేశాడు, అతనికి అది కరెక్టే. కారు ఉండి చిన్న పల్లెలో ఉండేవాళ్ళకి కూడా అంతే, గంటకొక బస్సు, సాయంత్రం ఏడు తర్వాత అదీ లేదు, టికెట్టు ఉండి ఏం లాభం.

కొత్తగా వచ్చి, భాష రాక, ఊరు తెలియక, మిషన్ అంటే భయపడేవాళ్ళు మాత్రం మొదటి ఆరు నెలలు ఆలోచించకుండా తీసుకోండి. నా మార్కులు అయిదుకి నాలుగు. 49 ఉన్నప్పుడు నాలుగున్నర ఇచ్చేవాణ్ణి. అమ్మానాన్నల్ని పిలిపించుకునేవాళ్ళు వాళ్ళ టికెట్టు తీసిన రోజే, వాళ్ళు వెళ్ళే నెల 8వ తారీఖుకి ఫోన్లో అలారం పెట్టుకోండి, 10కి కాదు, 8కి.